ఇంట్లో టిష్యూ కల్చర్: ఆరువేలలో అమృతపాణి మొక్కలు తీయగలమా?

పెరటిగట్టు:

అందరికీ నమస్కారం. మాది అమలాపురం దగ్గర ఒక పల్లె. హైస్కూల్లో బయాలజీ చెబుతాను. మా అత్తగారి పెరట్లో నూతి పక్కన ఒక అమృతపాణి పొద ఉంది. మామగారు బతికున్న రోజుల్లో పెట్టింది. మా వీధిలో ఈ రకం ఇంకెవరి దగ్గరా లేదు. పనామా తెగులు (మట్టిలోంచి వేళ్లకి పట్టే బూజు) వచ్చి ఒక్కొక్కరివీ పోయాయి, ఇప్పుడందరూ కర్పూరమో జి-9 రకమో వేసుకుంటున్నారు. గెల దించిన ప్రతిసారీ మా అత్తగారు "ఇదొక్కటే మిగిలిందే" అంటారు. ఆడబిడ్డలిద్దరూ, మా అమ్మావాళ్లూ తలా నాలుగు మొక్కలు అడుగుతున్నారు. ముప్ఫై నలభై మొక్కలు తయారైతే చాలు.

టిష్యూ కల్చర్, అంటే మొక్క ముక్కని సీసాలో జెల్లీ మీద పెంచి పిల్లమొక్కలు తీయడం, వీడియోలు చూసి ఒకసారి ప్రయత్నించాను. జామ్ సీసాల్లో పంచదార, చైనా గ్రాస్, కాస్త 19-19-19 ఎరువు వేసి కుక్కర్లో ఉడికించి, పిలక నుంచి ముక్క కోసి పెట్టాను. నాలుగో రోజుకి ఎనిమిది సీసాల్లో ఏడింటికి బూజు. ఎనిమిదోదాంట్లో బూజు రాలేదు గానీ ముక్క నల్లగా మాడినట్టయి, చుట్టూ జెల్లీ కాఫీ రంగుకి తిరిగింది.

ఖర్చు ఆరువేలు దాటకూడదు. పది లీటర్ల కుక్కర్ ఉంది, ఏసీ లేదు. లామినార్ ఫ్లో (గాలిని వడగట్టి ఊదే ల్యాబు బల్ల) లేకుండా అసలు అవుతుందా? హార్మోన్లు కొనకుండా కొబ్బరినీళ్లతో లాగించొచ్చని ఒకరన్నారు, నిజమేనా? మా ఊళ్లో దానికి మాత్రం కరువు లేదు.

కడియం కుర్రోడు:

మేడమ్, మాది నర్సరీ కుటుంబం. ఏమీ అనుకోకండి, ఇది డబ్బు దండగ పని. జి-9 టిష్యూ మొక్క పదిహేను ఇరవై రూపాయలకి ట్రేలతో సహా ఇంటికొస్తుంది. అంత ధరకి మీరు ఇంట్లో ఒక సీసా కూడా తయారు చేయలేరు. ల్యాబువాళ్లు లక్షల్లో చేస్తారు కాబట్టి వాళ్లకి గిట్టుబాటు. అమృతపాణే కావాలంటే పక్కూళ్లలో వాకబు చేసి నాలుగు సూది పిలకలు (సన్నటి ఆకులతో కత్తిలా నిటారుగా వచ్చేవి) తెచ్చుకోండి, ఏడాది తిరిగేసరికి అవే పెరుగుతాయి.

పెరటిగట్టు:

తమ్ముడూ, జి-9 కావాలంటే నేనిక్కడ అడగనే అడగను. ఈ పొదే కావాలి. పక్కూళ్ల పిలకలతో పాటు పక్కూళ్ల తెగులు కూడా వస్తుందని భయం.

సీసాలక్క:

అమ్మా, మీ ఎనిమిదో సీసా గురించి చదివి నవ్వొచ్చింది. కోపం తెచ్చుకోకండి. ఆ నల్లబడటం నాకు పదకొండేళ్లు రోజూ కనిపించింది. రాజమండ్రి అవతల ఒక అరటి ల్యాబులో ఆపరేటరుగా చేశాను. పొద్దున తొమ్మిదికి టోపీ, మాస్కు కట్టుకుని లామినార్ ముందు కూర్చుంటే అన్నం వేళకే లేవడం. కోయడం, సీసాలో పెట్టడం, మూత బిగించడం, మళ్లీ కోయడం. మాట్లాడకూడదు, నోటి తుంపర పడుతుందని. నా చదువు ఇంటరే. మోకాళ్ల నొప్పులొచ్చి మానేశాను గానీ చేతులు ఊరుకోలేదు. ఇప్పుడు మా సామాన్ల గదిలో డెబ్భై సీసాలున్నాయి. మా ఆయన వాటిని "నీ రెండో కాపురం" అంటారు.

ముందు అసలు మాట. ముప్ఫై మొక్కలకి సీసాలు అక్కర్లేదు. ఆరోగ్యంగా ఉన్న పిలకని దుంపతో సహా తవ్వి, వేళ్లు చెక్కేసి, బోదెని దుంప పైదాకా కోసెయ్యండి. నడిమధ్యన ఉన్న మొగ్గని రెండు వేళ్ల వెడల్పున తవ్వి తీసెయ్యండి. దుంప మీద కత్తితో నిలువుగా, అడ్డంగా గాట్లు పెట్టి తడి రంపం పొట్టులో పూడ్చి నీడన ఉంచండి. నడి మొగ్గ పోయేసరికి పక్కన నిద్రపోతున్న మొగ్గలన్నీ లేస్తాయి. వచ్చిన మొగ్గకి కూడా అలాగే గాటు పెడితే దాని పక్కన మళ్లీ వస్తాయి. ఒక దుంపకి పదీ పన్నెండు తేలిగ్గా తీయొచ్చు. దీనికయ్యే ఖర్చు రంపం పొట్టు బస్తా, అంతే.

కానీ దానికంటే ముందు ఒకటి చూడండి. తవ్విన దుంపని ఒకదాన్ని అడ్డంగా కోసి వెలుగులో పెట్టండి. తెల్లగా, వెన్నముద్దలా ఉంటే మంచిది. లోపల ఎర్రటి, గోధుమ రంగు చుక్కలో చారలో కనిపిస్తే పనామా వచ్చేసిందన్నమాట. ఆ దుంప పొట్టులో పెట్టకండి, ఆ కత్తి కడక్కుండా ఇంకోదానికి వాడకండి. ఇంకో పక్క ఆకులు సన్నబడి, తలలో గుత్తిగా నిక్కబొడుచుకుని ఉంటే అది బంచీటాప్, మా వైపు వెర్రితల అంటారు. అది వైరస్. దాని నుంచి టిష్యూ కల్చర్ చేసినా మీరు తయారు చేసేది వెయ్యి రోగిష్టి మొక్కల్నే. ల్యాబుల్లో తల్లిమొక్కని బంచీటాప్‌తో పాటు ఇంకో మూడు వైరస్‌లకి పరీక్ష చేయించాకే సీసాలో పెట్టేది అందుకే. ఇంట్లో మనకి ఆ పరీక్ష లేదు, కళ్లే దిక్కు.

ఇంత చెప్పినా సీసాలే చేస్తానంటారని తెలుసు. టీచర్లు కదా. సరే వినండి.

లామినార్ అక్కర్లేదు. అది గాలిని వడగట్టి మన మీదికి ఊదుతుంది. అది లేనప్పుడు గాలిని కదలకుండా నిలబెట్టాలి. బట్టలు సర్దుకునే పెద్ద తెల్ల ప్లాస్టిక్ డబ్బా, లోపల ఏముందో కనిపించేది కొనండి. పక్కకి తిప్పి, ముందువైపు చేతులు పట్టేలా రెండు కంతలు పెట్టండి. నేను పాత స్టీలు గ్లాసు అంచు స్టవ్ మీద కాల్చి పెట్టాను, చక్కటి గుండ్రం వస్తుంది, కంపు మాత్రం రెండ్రోజులు పోదు. పని మొదలుపెట్టే ముందు డబ్బా లోపల బ్లీచ్ నీళ్లతో తుడిచి, పావుగంట కదపకుండా వదిలెయ్యండి. ఎగిరేదంతా కింద కూర్చుంటుంది. ఫ్యాను ఆపాలి, కిటికీ మూయాలి. నేను తెల్లవారుజామున నాలుగున్నరకి చేస్తాను. వీధిలో ఎవరూ వాకిలి ఊడవకముందే అయిపోవాలి.

ఇక్కడ నేను చేసిన వెధవపని ఒకటి చెప్పాలి. మొదటి నెలలో డబ్బా నిండా స్పిరిట్ కొట్టి, ల్యాబు అలవాటు కొద్దీ లోపల స్పిరిట్ దీపం వెలిగించబోయాను. భగ్గుమంది. నా కనుబొమ్మలూ, ముంగురులూ పోయాయి. నెల రోజులు కాటుక పెన్సిల్‌తో గీసుకుని పెళ్లిళ్లకి వెళ్లాను. మూసిన డబ్బాలో స్పిరిట్ ఉంటే మంట వద్దు, మంట ఉంటే స్పిరిట్ వద్దు. ఇప్పుడు నేను మంటే మానేశాను. బ్లేళ్లు, ఫోర్సెప్స్ నాలుగైదు జతలు కొని, ఒక్కో జత ఫాయిల్‌లో చుట్టి సీసాలతో పాటే కుక్కర్లో ఉడికిస్తాను. ఒక జతతో ఒక సీసా పని, తర్వాత పక్కన పడేయడం.

కుక్కర్ సంగతి. మన కుక్కర్ బరువు లేచే ఒత్తిడి సుమారు 15 పౌండ్లు, అంటే లోపల 121 డిగ్రీలు. ల్యాబు ఆటోక్లేవ్‌లో (ఆవిరి ఒత్తిడితో క్రిముల్ని చంపే పాత్రలో) ఉండేదీ అదే. మొదటి విజిల్ రాగానే మంట సిమ్‌లో పెట్టి అక్కణ్నుంచి ఇరవై నిమిషాలు లెక్కపెట్టండి. తర్వాత కట్టేసి దానంతట అది చల్లారేదాకా బరువు ఎత్తకండి. తొందరపడి ఎత్తితే ఒత్తిడి ఒక్కసారి పడిపోయి సీసాల్లో మందు (మొక్కకి తిండిగా పోసే జెల్లీని మేం అలాగే అంటాం) పొంగి మూతల్లోకి ఎక్కుతుంది. ఆ మూత తడే బూజుకి దారి. ఊరగాయ జాడీలో తడి గరిటె పెడితే ఏమవుతుందో మీకు చెప్పాలా? ఉడికించిన సీసాలని వెంటనే వాడకుండా నాలుగు రోజులు అలమరలో ఉంచండి. ఖాళీ మందు మీదే బూజు వచ్చిందంటే తప్పు కుక్కర్ దగ్గర. ముక్క పెట్టాక వస్తే తప్పు చేతిది. ఈ ఒక్క అలవాటుతో సగం అనుమానాలు తీరిపోతాయి.

ఎరువు నీళ్లతో అరటి చేయకండి. ఎంఎస్ పొడి, అంటే మొక్కకి కావాల్సిన లవణాలన్నీ కలిపిన పొడి, లీటరు ప్యాకెట్లుగా దొరుకుతుంది. లీటరుకి పంచదార 30 గ్రాములు, ఇంటి పంచదారే చాలు. జెల్లీ గడ్డకట్టించే అగర్ పొడి 8 గ్రాములు. చైనా గ్రాస్ వాడితే కాస్త ఎక్కువ వేసి ముందుగా ఒక్క సీసాలో గడ్డ కడుతుందో లేదో చూసుకోండి. అగర్ పూర్తిగా కరిగి తేటబడ్డాకే సీసాల్లో పోయాలి. లేకపోతే సగం సీసాలు రాయిలా, సగం పాయసంలా వస్తాయి. సీసాకి ముప్ఫై ఎంఎల్ పోస్తే లీటరుకి ముప్ఫై పైచిలుకు సీసాలు.

అరటితో మొదలుపెట్టొద్దు. మొలకెత్తిన బంగాళాదుంపతో మొదలుపెట్టండి. మొలకని కణుపు కణుపుకీ కోసి, ఒక వంతు ఇంటి బ్లీచ్, నాలుగు వంతుల నీళ్లు, చుక్క గిన్నెల సబ్బు కలిపినదాంట్లో పది నిమిషాలు ఉంచి, కుక్కర్లో ఉడికించిన నీళ్లతో మూడుసార్లు కడిగి సీసాలో గుచ్చండి. హార్మోన్ ఏదీ అక్కర్లేదు. నెలకి సీసా నిండా కొమ్మ లేస్తుంది, దాన్ని మళ్లీ కణుపులు కోస్తే అయిదారు సీసాలు. చెయ్యి కుదిరిందో లేదో బంగాళాదుంపే చెప్తుంది. ఇరవై సీసాల్లో పదిహేను శుభ్రంగా నిలిస్తే అప్పుడు అరటి జోలికి వెళ్లండి.

అరటి పని ఎలా ఉంటుందంటే, సూది పిలక తెచ్చి మట్టి, వేళ్లు చెక్కి, అరగంట కుళాయి కింద కడిగి, నాలుగు వేళ్ల ముద్దగా కోస్తాం. బ్లీచ్, నీళ్లు సగం సగం కలిపి అందులో ఇరవై నిమిషాలు ఉంచుతాం. కడిగాక డబ్బాలో పెట్టి దొప్పలు ఒక్కొక్కటీ ఒలుస్తాం. ఉల్లిపాయ ఒలిచినట్టే ఉంటుంది, దొప్ప ఊడినప్పుడల్లా సన్నగా కిర్రుమంటుంది. లోపలికి వెళ్లేకొద్దీ ముదురు తెలుపు పోయి పాలమీగడ రంగు వస్తుంది. చివరికి శనగగింజంత మొగ్గ, కింద కాస్త దుంప మిగలాలి. అక్కడ ఆగాలి. ఇంకో దొప్ప తీద్దామని ఆశపడితే మొగ్గ ఊడి చేతిలోకి వస్తుంది. మొదటి వారం నావి రోజుకి అరడజను అలా పోయేవి. సూపర్‌వైజరమ్మ ఏమీ అనేది కాదు, ఊడిన మొగ్గలన్నీ ఒక పళ్లెంలో పేర్చి నా ముందు పెట్టేది.

కోసిన చోట మీరు చూస్తుండగానే గోధుమరంగు తిరుగుతుంది. వంకాయ ముక్కలు నీళ్లలో వేయకపోతే నల్లబడవూ, అదే. అందుకే మీ ఎనిమిదో సీసా కాఫీ అయింది. ఒలిచిన ముక్కని విటమిన్ సి వేసి ఉడికించి చల్లార్చిన నీళ్లలో ఉంచి, గబగబా సీసాలోకి మార్చండి. మొదటి పదిహేను రోజులు చీకట్లో పెట్టండి. జెల్లీ నల్లబడితే ముక్క చచ్చిపోయిందని పారేయకుండా కొత్త సీసాలోకి మార్చండి. రెండు మూడు మార్పులకి తేరుకుంటుంది.

ఇంకొక్కటి. ల్యాబుల్లో ముక్కలు శుద్ధి చేయడానికి మెర్క్యూరిక్ క్లోరైడ్ వాడతారని ఎక్కడైనా చదువుతారు. అది పాదరసం విషం. అన్నం వండుకునే ఇంట్లోకి తేకండి. బ్లీచ్ చాలు. ఆ బ్లీచ్‌లో కూడా బాత్‌రూమ్ యాసిడ్ కలపకండి, క్లోరిన్ గ్యాసు వస్తుంది.

పెరటిగట్టు:

అక్కా, మీరు రాసింది మా అత్తగారికి చదివి వినిపించాను. కనుబొమ్మల దగ్గర ఆపి రెండోసారి చదివించుకున్నారు. రంపం పొట్టు పనీ, బంగాళాదుంపా రెండూ మొదలుపెడతాను. దుంప కోసి చూశాను, తెల్లగా ఉంది. చుక్క లేదు. ఇంటిల్లిపాదీ ఊపిరి పీల్చుకున్నాం.

హార్మోన్ ఎంత వేయాలో చెప్పలేదు. మిల్లీగ్రాములు తూచే కాటా నా దగ్గర లేదు. కొబ్బరినీళ్ల సంగతి కూడా చెప్పండి.

రిటైర్డ్ కెమిస్ట్రీ మాస్టారు:

మిల్లీగ్రాముల కోసం నేను రాస్తాను. సీసాలక్క గారు కొలతలు చేతివాటంగా చెబుతారు, ఆవిడకి సరిపోతుంది, మనకి సరిపోదు.

అరటి పిలకలు వేయడానికి బీఏపీ అనే సైటోకైనిన్ (మొగ్గలు లేపే హార్మోన్) వాడతారు, లీటరుకి 3 నుంచి 5 మిల్లీగ్రాములు. అంత తక్కువ ఇంట్లో తూచలేం. బంగారం తూచే చిన్న జేబు కాటా కొనండి, 0.01 గ్రాము దాకా చూపిస్తుంది. 0.1 గ్రాము, అంటే 100 మిల్లీగ్రాములు తూచండి. నీళ్లలో నేరుగా కరగదు, తేలుతూ ఉంటుంది. కాస్టిక్ సోడా ద్రావణం రెండు మూడు చుక్కలు వేస్తే కరుగుతుంది, చేతికి గ్లవ్స్ ఉండాలి. తర్వాత నీళ్లు పోసి 100 ఎంఎల్ చేయండి. ఇప్పుడు ఒక ఎంఎల్‌లో ఒక మిల్లీగ్రాము. లీటరు మందుకి ఇందులోంచి 4 ఎంఎల్ సరిపోతుంది. కొలవడానికి ఇన్సులిన్ సిరంజి చాలు. 40 యూనిట్ల సిరంజి నిండితే సరిగ్గా ఒక ఎంఎల్. సీసా మీద పేరు, తేదీ రాసి, పిల్లలకి అందకుండా ఫ్రిజ్‌లో పెట్టండి.

మందు పీహెచ్ (పులుపు ఎంతో చెప్పే కొలత) 5.7, 5.8 దగ్గర ఉండాలి. అగర్ వేయకముందే చూడాలి. 5 కంటే తగ్గితే అగర్ సరిగ్గా గడ్డకట్టదు. మీ చైనా గ్రాస్ జారుగా ఉందంటే ముందు అనుమానించాల్సింది పీహెచ్‌నే. పెంచాలంటే వంటసోడా నీళ్లు చుక్క చుక్కగా, తగ్గించాలంటే వెనిగర్. నీళ్లు మాత్రం బోరువి వద్దు, ముఖ్యంగా మీ వైపు ఉప్పు తగులుతుంది. బ్యాటరీ షాపులో డిస్టిల్డ్ వాటర్ డబ్బా అడగండి. పక్కనే యాసిడ్ డబ్బాలు కూడా ఉంటాయి, లేబుల్ చదివి తీసుకోండి.

కొబ్బరినీళ్ల గురించి. మీరడిగింది తేలిక ప్రశ్న కాదు. 1941లో వాన్ ఓవర్‌బీక్ బృందం ఉమ్మెత్త పిండాలు కొబ్బరినీళ్లు కలిపిన మందులో పెరుగుతాయని చూపించింది. అందులో సహజ సైటోకైనిన్లు ఉంటాయి. లీటరుకి 100 నుంచి 150 ఎంఎల్ వేస్తారు, ఆర్కిడ్ వాళ్లు ఇప్పటికీ వాడతారు. కానీ ఒక కాయలో ఉన్నంత ఇంకో కాయలో ఉండదు. మీరు వాడే ఎంఎస్ మందు 1962లో మురాషిగె, స్కూగ్ పొగాకు కణజాలం మీద తయారు చేసింది. ఏ లవణం ఎంతో మిల్లీగ్రాముల్లో తేల్చి రాశారు, అందుకే ఏ ఊళ్లో చేసినా ఒకేలా పనిచేస్తుంది. కొబ్బరినీళ్లతో ఆ భరోసా రాదు. ఇంకో ముచ్చట, ఉమ్మెత్త పుప్పొడి తిత్తుల నుంచి మొక్కలు తీసింది మన ఢిల్లీ యూనివర్సిటీలోనే, 1964లో, శిప్రా గుహా, మహేశ్వరి గార్లు. పిల్లలకి చెప్పండి. ఉమ్మెత్తని శివుడికే పరిమితం చేయకండి.

సీసాలక్క:

మాస్టారికి దండం. చేతివాటమే, ఒప్పుకుంటున్నా.

కొబ్బరినీళ్లు నేను చూశాను. లేతకాయతో ఒకసారి భలే వచ్చాయి, అదే చెట్టు కాయతో మళ్లీ చేస్తే ఏమీ రాలేదు. బీఏపీ గ్రాము కొంటే మీకు జీవితానికి సరిపోతుంది, కక్కుర్తి పడకండి.

డబ్బు లెక్క అడిగారు. కుక్కర్ మీ దగ్గరే ఉంది కాబట్టి డబ్బా, బంగారం కాటా, ఎంఎస్ ప్యాకెట్లు నాలుగు, అగర్, బీఏపీ, సర్జికల్ షాపు బ్లేళ్లు, పొడుగు ఫోర్సెప్స్, ఎల్‌ఈడీ ట్యూబులు రెండు, వాటికి టైమరు. నాకు నాలుగువేల పైన అయింది. సీసాలు అడిగి తెచ్చుకోండి, ఏ ఇంట్లో చూసినా హార్లిక్స్ సీసాలు మూలుగుతుంటాయి. లైటు రోజుకి పదహారు గంటలు వెలగాలి, సీసాలకి అడుగు ఎత్తున. ఖర్చయ్యేది వీటికి కాదమ్మా, పోయిన సీసాలకి, పోయిన నెలలకి. వేడి కూడా చూసుకోండి. ఏసీ లేనప్పుడు దసరా వెళ్లాక మొదలుపెట్టి శివరాత్రికి ముగించాలి. మే నెలలో మా గదిలో సీసాలు ముట్టుకుంటే గోరువెచ్చగా ఉంటాయి, మొక్కలు పాలిపోయి చచ్చిపోతాయి.

అరటి సీసాలో పిలకలు వేశాక నెలకోసారి విడదీసి మార్చాలి, ఒక్కోసారికి రెండు మూడు రెట్లు అవుతాయి. మూడు రెట్లే అనుకున్నా అయిదు మార్పులకి 243, ఊరికే కాగితం మీద వేసి మురిసిపోకండి. అందులో సగం పోతాయి. ఎక్కువసార్లు మార్చడం కూడా మంచిది కాదు, ల్యాబులో ఎనిమిది దాటనిచ్చేవారు కాదు. దాటితే పొట్టివీ, ఆకు మచ్చలవీ, తల్లికి పోలిక లేనివీ వస్తాయి. వేళ్ల కోసం చివరి సీసాలో బీఏపీ వేయకండి, అరటికి వేళ్లు వాటంతట అవే వస్తాయి.

బయటికి తీశాక చచ్చేవే ఎక్కువ. సీసాలో పుట్టిన ఆకుకి మైనం పొర సరిగ్గా ఉండదు, నీళ్లు ఆపుకోవడం దానికి తెలీదు. గాలి తగిలిన అరగంటలో వాలిపోతుంది. జెల్లీ అంతా గోరువెచ్చటి నీళ్లలో కడిగి, కోకోపీట్‌లో (కొబ్బరి పీచు పొట్టులో) పెట్టి, పైన ప్లాస్టిక్ కవరు కప్పి నీడలో ఉంచండి. వారం తర్వాత కవరుకి ఒక కంత, మూడ్రోజులకి ఇంకోటి. బాలింతని బయట తిప్పినట్టు మెల్లిగా. జెల్లీ మిగిలితే చీమలు పడతాయి, పంచదార కదా.

కడియం కుర్రోడు:

అక్కా, రంపం పొట్టు పని మా నాన్న కూడా చేశారట, ఇవాళే చెప్పారు. నేను వెనక్కి తగ్గుతున్నాను. కోకోపీట్ కావాలంటే ఒకటి చెప్తా, ఇటుకని నీళ్లలో నానబెట్టి రెండుసార్లు పిండి పారబోశాకే వాడండి. కొన్నింటిలో ఉప్పు ఉంటుంది.

పెరటిగట్టు (అయిదు నెలల తర్వాత):

అక్కా, మాస్టారూ, తమ్ముడూ, ఆలస్యానికి క్షమించండి. పరీక్షల పేపర్లు దిద్దుతూ మధ్యలో రాస్తున్నాను.

రంపం పొట్టులో పెట్టింది మూడు దుంపలు. ఒకటి కుళ్లింది, నేనే నీళ్లు ఎక్కువ పోశాను. మిగతా రెండింటి నుంచి పంతొమ్మిది మొక్కలు వచ్చాయి. పన్నెండు సంచుల్లో ఉన్నాయి. పెద్దాడబిడ్డ నాలుగు పట్టుకెళ్లింది, బస్సులో ఒళ్లో పెట్టుకుని. ఆవిడకి పాత అరటితోట నేల వద్దని, కొత్త చోట గుంట తియ్యమని చెప్పాను. పనామా బూజు మట్టిలో ఏళ్ల తరబడి ఉంటుందని మా బయాలజీ పుస్తకాల్లో ఉంది గానీ, అమృతపాణి పోయిన గుంటలోనే మళ్లీ అమృతపాణి పెట్టేవాళ్లని ఎంతమందిని చూశానో.

బంగాళాదుంప మొదటి విడత ఇరవైలో ఆరు మాత్రమే నిలిచాయి. ఖాళీ మందు సీసాలు నాలుగు రోజులు చూడమన్నారు కదా, అవి శుభ్రంగానే ఉన్నాయి. అంటే తప్పు చేతిది. చాలా ఆలోచించాను. చివరికి తెలిసింది, ముక్క పెట్టేటప్పుడు సీసా మూత డబ్బాలో వెల్లకిలా పెడుతున్నాను, నా చెయ్యి దాని మీదుగా వెళ్తోంది. మూత బోర్లా పెట్టి, చెయ్యి సీసా నోటి మీదుగా పోకుండా పక్కనించి తీసుకెళ్లడం అలవాటు చేసుకున్నాను. రెండో విడత ఇరవైలో పదిహేడు. తొమ్మిదో తరగతి పిల్లలకి ఒక సీసా చూపిస్తే "మేడమ్, మట్టి లేకుండా ఏం తిని బతుకుతోంది" అని అడిగారు. పంచదార అన్నాను. నమ్మలేదు.

అరటి ఆరు ముక్కలు పెట్టాను. రెండు మొగ్గలు చేతిలోకి ఊడొచ్చాయి, మీ సూపర్‌వైజరమ్మ గుర్తొచ్చింది. రెండు బూజు. రెండు నిలిచాయి. మొదటి నెల నల్లటి ముద్దల్లా ఉన్నాయి, రోజూ చీకట్లో టార్చి వేసి చూసేదాన్ని. మూడో మార్పుకి ఒకదాని పక్కన పచ్చటి మొనలు నాలుగు లేచాయి. మా అత్తగారు కళ్లద్దాలు పెట్టుకుని చాలాసేపు చూసి, "అమృతపాణి కాదే, చీమ కొమ్ముల్లా ఉన్నాయి" అన్నారు.

ఇప్పుడు ప్రశ్న. రెండో సీసాలో మొక్క బాగానే ఉంది, రెండు ఆకులు వచ్చాయి. కానీ ట్యూబులైటుకి ఎదురుగా పట్టుకుంటే ముక్క అడుగున జెల్లీలో పాలు కలిపినట్టు తెల్లటి పొగ కనిపిస్తోంది. బూజు కాదు, నూగు లేదు. వాసన తెలియదు, మూత తీయలేదు. దీన్ని విడదీసి కాపాడుకోవచ్చా?

సీసాలక్క:

మూత తీయనందుకు మెచ్చుకుంటున్నాను.

అది బ్యాక్టీరియా. బయట అంటుకున్నది కాకపోవచ్చు, దుంప లోపలే ఉండి ఇన్నాళ్లు కనిపించకుండా ఇప్పుడు బయటపడి ఉంటుంది. అరటిలో మామూలే. మూడు నాలుగు మార్పులు శుభ్రంగా ఉన్నవి కూడా అయిదోదాంట్లో ఇలా పాలు పోస్తాయి. విడదీసి నాలుగు సీసాల్లో పెడితే నాలుగు పాల సీసాలు అవుతాయి, మీ కత్తి మీదుగా మంచిదానికి కూడా అంటుతుంది. ల్యాబులో ఇలాంటివి గంపల్లో వెళ్లిపోయేవి. చూడటానికి పచ్చగా ఉన్నప్పుడు పారేయడం కష్టంగానే ఉంటుంది, నేను కొత్తలో రెండు దాచి ఇంటికి కూడా తెచ్చుకున్నాను. రెండూ చచ్చాయి.

దాన్ని ఇప్పుడే మంచి సీసా పక్కనుంచి తీసెయ్యండి. మూత అలాగే ఉంచి కుక్కర్లో ఇరవై నిమిషాలు ఉడికించి, చల్లారాక మూత తీసి జెల్లీ మొక్కల మొదట్లో పారబోయండి. సీసా కడిగి వాడుకోండి. పచ్చటి మొనలు నాలుగొచ్చిన ఆ మొదటిదాన్ని మాత్రం ఈ వారం మార్చకండి. వారం రోజులు రోజూ దాని అడుగున కూడా ట్యూబులైటుకి పట్టి చూడండి. ఎండలు ముదరకముందే చెప్పండి, తేటగా ఉంటే ఎలా విడదీయాలో రాస్తాను.